పట్టికలోని కత్తి, ఒరలోని కత్తి: పాత్రధారణ క్రీడల ఆయుధ నియమాలలో వాస్తవికత

ప్రవేశిక

లక్ష్యం ముందు పుట్టి, దానిని అనుసరించి లక్షణం పుట్టడం సాహిత్యశాస్త్రంలో సాధారణ క్రమం. కావ్యాలు వెలసిన తరువాతనే వాటిని పరిశీలించి లాక్షణికులు నియమాలు చెప్పారు. ఆ నియమాలే తరువాతి కవులకు మార్గదర్శకాలయ్యాయి. తెలుగు ప్రబంధాలలో అష్టాదశ వర్ణనలు దాదాపు తప్పనిసరి అయిన తీరు ఇందుకు నిదర్శనం. ఇరవయ్యో శతాబ్దం ఉత్తరార్ధంలో అమెరికాలో వెలువడిన ఒక రచనా రూపంలో లక్షణం మాత్రమే అచ్చవుతుంది, లక్ష్యాన్ని పాఠకులే పుట్టించుకుంటారు. అదే టేబుల్‌టాప్ రోల్‌ప్లేయింగ్ గేమ్ నియమగ్రంథం. తెలుగులో దీనిని పాత్రధారణ క్రీడ అనవచ్చు.

ఈ క్రీడలో నలుగురైదుగురు ఒక బల్ల చుట్టూ కూర్చుంటారు. ఒకరు నిర్వాహకులుగా ఉండి కల్పిత లోకాన్ని వర్ణిస్తారు. మిగిలినవారు తలా ఒక పాత్రను ధరించి, ఆ పాత్ర ఏం చేస్తుందో నోటితో చెబుతారు. ఫలితం సందేహాస్పదమైన చోట పాచికలు వేస్తారు. పాచికను ఎప్పుడు వేయాలో, పడిన అంకెకు అర్థమేమిటో చెప్పేది నియమగ్రంథం. అందులో కథ ఉండదు. కానీ ఏ కథ సులువుగా పుడుతుందో, ఏ కథ పుట్టనే పుట్టదో అది ముందుగానే నిర్ణయిస్తుంది. ఈ కారణంచేత నియమగ్రంథాన్ని లక్షణగ్రంథంగా చదవడం సమంజసం.

ఇలాంటి గ్రంథాలలో ఎక్కువ చర్చకు గురైనది ఆయుధ ప్రకరణం. అద్భుత లోకాల కథలలో కత్తి, బల్లెం, విల్లు తప్పవు. వాటిని పట్టే తీరు, తిప్పే తీరు, వాటి దెబ్బకు ఫలితం ఎంత వాస్తవంగా ఉండాలన్న ప్రశ్న ఈ క్రీడతోపాటే పుట్టింది. జాన్ పీటర్సన్ 2020లో ప్రచురించిన ‘ది ఎల్యూసివ్ షిఫ్ట్’ గ్రంథం తొలినాటి ఆటగాళ్ల వాదోపవాదాలను విస్తారంగా నమోదు చేసింది. ఆయుధ నియమాలలో వాస్తవికత అన్న ఒకే మాట కింద మూడు వేర్వేరు విషయాలు కలగలిసిపోయాయని, వాటిలో పాత్ర తీసుకునే నిర్ణయానికి సంబంధించినదే కథను నిజంగా మారుస్తుందని నిరూపించడం ఈ వ్యాసం లక్ష్యం.

రంగస్థలం మీద ఆయుధం

కల్పనలో ఆయుధాన్ని ఎలా పట్టాలన్న ప్రశ్న కొత్తది కాదు. భరతుని నాట్యశాస్త్రం చారీవిధానం చెప్పే సందర్భంలో ‘న్యాయాలు’ అనే పేరుతో ఆయుధ ప్రయోగ రీతులను నాలుగుగా విభజించింది. అవి భారతం, సాత్త్వతం, వార్షగణ్యం, కైశికం. భారతంలో నడుము మీద, సాత్త్వతంలో పాదం మీద, వార్షగణ్యంలో వక్షం మీద, కైశికంలో శిరస్సు మీద ప్రహారం. డాలు తిప్పే విధం, అడుగు వేసే విధం కూడా ఆ శాస్త్రంలో ఉన్నాయి. అయితే రంగం మీద ఆయుధాన్ని నిజంగా విడవరాదు, ఛేదించరాదు, రక్తం చిందించరాదు. సంజ్ఞతోనే ప్రయోగం జరగాలి.

ఈ విధానంలో ఒక సూక్ష్మం ఉంది. దెబ్బ ఎక్కడ పడుతుందో, శరీరం ఏ భంగిమలో ఉంటుందో శాస్త్రం శ్రద్ధగా చెప్పింది. కత్తి బరువెంత, ఎంత లోతుగా దిగుతుంది అన్నవాటి జోలికి పోలేదు. ప్రేక్షకునికి అందవలసినది యోధుని ఉద్దేశం, చలనం, భావం. వీటికి అవసరమైనంత వివరమే నియమంలోకి వచ్చింది. లోకధర్మి, నాట్యధర్మి అన్న భరతుని విభజన ఇక్కడ ఉపకరిస్తుంది. లోకంలో ఉన్నదానిని ఉన్నట్టు చూపడం మొదటిది. సంకేతం ద్వారా చూపడం రెండవది. పాత్రధారణ క్రీడలో కత్తి లేదు, కదలిక లేదు. మాట, అంకె మాత్రమే ఉన్నాయి. కాబట్టి అక్కడ ప్రతి ఆయుధ నియమమూ నాట్యధర్మియే. ఏ నియమమూ లోకాన్ని ఉన్నదున్నట్టు బల్ల మీదికి తేలేదు. లోకంలోని ఏ అంశాన్ని ఎంచుకుని సంకేతంగా మార్చింది అన్నదే విమర్శ అడగవలసిన ప్రశ్న.

ఆ ఎంపికను బట్టి వాస్తవికతను మూడుగా విభజించుకోవచ్చు. ఆయుధం పేరు, పొడవు, బరువు వంటివాటిని సరిగా చెప్పడం వస్తు వాస్తవికత. కొట్టడం, కాచుకోవడం, గాయపడటం అనే క్రమాన్ని సరిగా చూపడం ప్రయోగ వాస్తవికత. ఆయుధం చేతపట్టిన మనిషి ఎదుర్కొనే సందేహాన్ని, భయాన్ని, ఎంపికను ఆటగాని ముందు నిలపడం నిర్ణయ వాస్తవికత.

పట్టిక పుట్టుక

పాత్రధారణ క్రీడకు మూలం యుద్ధ క్రీడ. ప్రష్యా సైన్యాధికారి రైస్విట్జ్ 1824లో ప్రచురించిన ‘క్రీగ్‌స్పీల్’ నియమాలు పటం, పాచికలు, పట్టికలు, మధ్యవర్తి అనే నాలుగింటిని ఒకచోట చేర్చాయి. సైనికాధికారులకు శిక్షణ ఇవ్వడం దాని ప్రయోజనం. 1876లో వెర్డీ ద్యు వెర్నువా పట్టికల భారాన్ని తగ్గించి, అనుభవజ్ఞుడైన మధ్యవర్తి తీర్పుకే ప్రాధాన్యం ఇవ్వాలని ప్రతిపాదించాడు. వాస్తవం అంకెలో ఉంటుందా, అనుభవం గల మనిషి తీర్పులో ఉంటుందా అన్న వివాదం ఆనాటిదే. నేటి ఆయుధ నియమాల చర్చ దానికి కొనసాగింపు.

గ్యారీ గైగాక్స్, జెఫ్ పెరెన్ 1971లో ప్రచురించిన ‘చైన్‌మెయిల్’ మధ్యయుగ యుద్ధాలను బొమ్మలతో ఆడే నియమగ్రంథం. అందులో ఇద్దరు యోధుల ద్వంద్వయుద్ధానికి ఒక పట్టిక ఉంది. ఏ ఆయుధం ఏ కవచం మీద ఎంత పనిచేస్తుందో అది చెబుతుంది. మొదటి దెబ్బ ఎవరిదో తేల్చడంలో ఆయుధం పొడవుకు స్థానం ఉంది. గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ 1974లో వెలువరించిన ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ పాత్రధారణ క్రీడలలో మొదటిదిగా ప్రసిద్ధం. విచిత్రంగా ఇందులో ఆయుధ భేదం దాదాపు అదృశ్యమైంది. బాకు తగిలినా, రెండు చేతుల ఖడ్గం తగిలినా నష్టం ఒకే ఆరు ముఖాల పాచికతో నిర్ణయమయ్యేది. మరుసటి ఏడాది వచ్చిన ‘గ్రేహాక్’ అనుబంధం ఈ లోటును పూరిస్తూ ఆయుధానికొక నష్టపరిమాణాన్ని నిర్దేశించింది. బాకుకు నాలుగు ముఖాల పాచిక, కత్తికి ఎనిమిది ముఖాల పాచిక వచ్చాయి.

1978లో వచ్చిన ‘అడ్వాన్స్‌డ్ డంజన్స్ అండ్ డ్రాగన్స్’ ఆటగాళ్ల గ్రంథంలో ఈ ధోరణి పరాకాష్ఠకు చేరింది. ప్రతి ఆయుధానికీ పొడవు, తిప్పడానికి కావలసిన స్థలం, వేగాంకం, ఒక్కొక్క కవచస్థాయి మీద కూడిక తీసివేతలు పట్టికలో చేరాయి. వేగాంకం తక్కువైతే ఆయుధం చురుకైనది. బాకుకు 2, పొడవు కత్తికి 5, రెండు చేతుల ఖడ్గానికి 10. పొడవాటి కర్రకు ఇనుప మొన బిగించిన ఆయుధాలే గ్లేవ్, గీసార్మ్, వూల్జ్, ఫోషార్ అంటూ పదిహేనుకు పైగా ఉన్నాయి. ఇంత వివరం చూసి ఇది వాస్తవికతకు నిలయమని భ్రమపడటం సహజం. కానీ అదే పద్ధతిలో ఒక పోరాట ఆవృత్తం నిడివి ఒక నిమిషం. ఆ నిమిషంలో జరిగే తోపులాట, బెదిరింపు దెబ్బలు, కాచుకోవడం అన్నీ ఒకటి రెండు పాచికల్లో ఇమిడిపోతాయి. వేగాంకం అక్కరకు వచ్చేది ప్రధానంగా ఇద్దరి వంతూ సమానంగా పడినప్పుడే. కవచాల మీది కూడిక తీసివేతలను చాలామంది ఆటగాళ్లు పక్కన పెట్టేశారు. 1989 నాటి రెండో కూర్పులో ఆయుధ రకాన్ని కవచంతో పోల్చే నియమం ఐచ్ఛికమైంది.

ఆటలో పనిచేయని ఈ వివరం ఎందుకు మిగిలింది? రోలాఁ బార్త్ 1968లో రాసిన ‘వాస్తవ ప్రభావం’ వ్యాసం దీనికి సమాధానం సూచిస్తుంది. ఫ్లాబేర్ కథలోని ఒక గదిలో గోడకున్న వాయుభారమాపకం కథకు ఏ విధంగానూ తోడ్పడదు. తోడ్పడకపోవడమే దాని పని. ఇది నిజమైన గది అన్న భావన కలిగించడానికే అది ఉంది. గీసార్మ్, వూల్జ్ అన్న పేర్లు చేసే పని కూడా అదే. వాటిని ఏ ఆటగాడూ ఎంచుకోకపోవచ్చు. ఈ లోకానికి ఒక చరిత్ర ఉంది, ఇక్కడి ఆయుధాగారంలో నిజమైన ఇనుము ఉంది అన్న నమ్మకాన్ని అవి కలిగిస్తాయి. ఇది చిన్న ప్రయోజనం కాదు. కానీ ఇది వర్ణనకు చెందిన ప్రయోజనం, పోరాటానికి చెందినది కాదు.

బరువుల చరిత్ర ఈ విషయాన్ని మరింత స్పష్టం చేస్తుంది. రెండు చేతుల ఖడ్గం బరువు 1989 కూర్పులో 15 పౌండ్లు, అంటే సుమారు 6.8 కిలోలు. 2000లో వచ్చిన మూడో కూర్పులోనూ అంతే. 2003 సవరణలో అది 8 పౌండ్లయింది. 2014 నాటి అయిదో కూర్పులో 6 పౌండ్లు, అంటే సుమారు 2.7 కిలోలు. ఐరోపా ప్రదర్శనశాలల్లో మిగిలిన పోరాట ఖడ్గాలలో ఈ రకానివి ఇంచుమించు 2 నుంచి 3.5 కిలోల మధ్య తూగుతాయి కనుక, అంకె క్రమంగా సత్యానికి దగ్గరైంది. అయితే 2000లోనూ, 2003లోనూ, 2014లోనూ ఆ ఖడ్గం చేసే నష్టం రెండు ఆరు ముఖాల పాచికలే. బరువు సగానికి పైగా తగ్గినా దెబ్బ మారలేదు, వేగం మారలేదు, పట్టినవాని అలసట మారలేదు. ఆ బరువు మూట లెక్కకు మాత్రమే పనికి వచ్చింది. వస్తు వాస్తవికత ఎంత పెరిగినా ప్రయోగ వాస్తవికత దానంతట అదే పెరగదని చెప్పడానికి ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ అక్కరలేదు.

శరీరానుభవం నియమమైన తీరు

స్టీవ్ పెరిన్ ప్రధాన రచయితగా కెయోసియం సంస్థ 1978లో ప్రచురించిన ‘రూన్‌క్వెస్ట్’ వేరే దారి పట్టింది. ఇందులో కొట్టేవాడు పాచిక వేస్తాడు, కాచుకునేవాడూ వేస్తాడు. దెబ్బ తగిలితే అది ఏ అవయవానికో మరో పాచిక తేలుస్తుంది. కవచం దెబ్బను తప్పించదు, దాని తీవ్రతను తగ్గిస్తుంది. చేతికి తగినంత గాయమైతే ఆ చేతిలోని ఆయుధం జారిపోతుంది. కాచుకోవడానికి వాడిన ఆయుధం కూడా దెబ్బతింటుంది. ఏ ఆయుధాన్ని వాడితే ఆ ఆయుధంలోనే నైపుణ్యం పెరిగే అవకాశం ఉంటుంది. ఇక్కడ కత్తి అంకెల మూట కాదు. ఒక శరీరం చివర ఉన్న పనిముట్టు.

పెరిన్‌కు సొసైటీ ఫర్ క్రియేటివ్ అనాక్రొనిజం అనే సంస్థతో సన్నిహిత సంబంధం ఉంది. 1966లో కాలిఫోర్నియాలోని బర్కిలీలో పుట్టిన ఈ సంస్థ సభ్యులు మధ్యయుగ వేషధారణలో, బెత్తపు కర్రలతో చేసిన ఆయుధాలతో పోరాడతారు. చేతి మీద దెబ్బ పడితే ఆ చేతిని వాడటం మానేస్తారు. కాలి మీద పడితే మోకాళ్ల మీద నిలిచి పోరాడతారు. ‘రూన్‌క్వెస్ట్’ అవయవ నియమానికీ ఈ ఆచారానికీ గల పోలిక గమనించదగింది. అంటే ఆ గ్రంథం అనుకరించింది మధ్యయుగ రణరంగాన్ని నేరుగా కాదు. దానికి ముందే ఒక అనుకరణ ఉంది. నియమం వెనుక ఉన్న ‘వాస్తవం’ మరొక ప్రయోగమే కావడం ఈ రంగమంతటా కనిపించే లక్షణం. ‘చైన్‌మెయిల్’కు యుద్ధ క్రీడల సంప్రదాయం, ‘రూన్‌క్వెస్ట్’కు బెత్తపు కర్రల పోరు మూలపాఠాలు.

స్టీవ్ జాక్సన్ 1986లో వెలువరించిన ‘గర్ప్స్’ కాలాన్ని మరింత చిన్న ముక్కలు చేసింది. ఒక వంతు నిడివి ఒక్క సెకను. ఆ సెకనులో కొట్టాలా, గురి చూడాలా, ఆయుధాన్ని సిద్ధం చేసుకోవాలా అన్నది ఆటగాడు ఎంచుకోవాలి. ఒరలోని కత్తి తీయడానికి సాధారణంగా ఒక వంతు ఖర్చవుతుంది. బరువైన కర్ర ఆయుధాన్ని ఒకసారి విసురుగా తిప్పితే, తగినంత బలం లేనివాడు దానిని మళ్లీ అదుపులోకి తెచ్చుకోవడానికి మరో వంతు వెచ్చించాలి. గాయపడిన మరుక్షణం నైపుణ్యం తగ్గుతుంది. కర్రసాము చేసినవారికి ఈ నియమంలోని సత్యం వెంటనే తెలుస్తుంది. విసిరిన కర్రను వెనక్కి తెచ్చుకోవడమే విసరడం కంటే కష్టం. ఇక్కడ బరువు అన్న మాట మొదటిసారి ఆటగాని ఎంపికలోకి వచ్చింది. ‘ఇప్పుడు కొడితే తరువాతి క్షణంలో నా చేతిలో ఆయుధం సిద్ధంగా ఉండదు’ అన్న ఆలోచన ఏ బరువుల పట్టికా కలిగించలేనిది.

ప్రయోగ వాస్తవికతకు ఒక ప్రమాదమూ ఉంది. ఐరన్ క్రౌన్ సంస్థ 1980లో తెచ్చిన ‘ఆర్మ్స్ లా’ ప్రతి ఆయుధానికీ ఒక ప్రత్యేక పట్టిక ఇచ్చి, ఇరవై రకాల కవచాల మీద దాని ఫలితాన్ని లెక్కగట్టింది. తీవ్రమైన దెబ్బలకు ఎముక విరగడం, నరం తెగడం వంటి వర్ణనలు జతచేసింది. ఈ వర్ణనలు ఆటగాళ్లలో ప్రసిద్ధమయ్యాయి, కానీ భయంకరంగా ఉన్నాయని కాదు, వినోదంగా ఉన్నాయని. రసదృష్టితో చూస్తే బీభత్సానికి తోడు కావలసిన భయం లేకపోవడం వల్ల అది హాస్యంలోకి జారింది. పాచిక పడిన తరువాత వచ్చే గాయవర్ణన ఎంత సూక్ష్మమైనా, పాచిక వేయడానికి ముందు ఆటగాని మనసులో ఏ సంకోచాన్నీ కలిగించకపోతే అది అలంకారంగానే మిగులుతుంది.

ఒరలోంచి చేతికి

ఆయుధ ప్రకరణంలో పైకి చాలా అల్పంగా కనిపించే అంశం ఒకటుంది. కత్తి ఒరలోంచి చేతికి ఎలా వస్తుంది, చేతిలోంచి ఒరలోకి ఎలా వెళుతుంది అన్నది. ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ 2003 కూర్పులో ఆయుధాన్ని ఒరలో పెట్టడానికి ఒక కదలిక ఖర్చవుతుంది. పక్కనే ఉన్న శత్రువుకు ఆ సమయంలో అదనపు దెబ్బ వేసే అవకాశం దక్కుతుంది. చేతిలోని ఆయుధాన్ని కింద పడేయడం మాత్రం ఉచితం. ఫలితం ఊహించదగినదే. తాతలనాటి ఖడ్గాన్నైనా నేల మీద పడేసి మరో ఆయుధం తీయడమే లాభసాటి అయింది. నిజమైన పోరులోనూ ఒర వెతుక్కునే తీరిక ఎవరికీ ఉండదు కాబట్టి ఇది కొంతవరకు సబబే. కానీ పడేసిన కత్తి శత్రువు కాళ్ల దగ్గర ఉంటుందన్న స్పృహను ఆ లెక్క ఆటగానికి కలిగించలేదు.

2014 కూర్పు ప్రతి వంతులో ఒక వస్తువును ఉచితంగా ముట్టుకునే వీలు కల్పించింది. కత్తి తీయడం అందులో చేరింది. 2024 కూర్పు ఇంకా ముందుకు వెళ్లి, దాడి చర్యలోని ప్రతి దెబ్బతోనూ ఒక ఆయుధాన్ని తీయడానికో దాచడానికో అనుమతించింది. అదే కూర్పులో ఆయుధాలకు ప్రావీణ్య గుణాలు వచ్చాయి. ఒకటి శత్రువును నెడుతుంది, ఒకటి పడగొడుతుంది, మరొకటి నెమ్మదింపజేస్తుంది. ఆయుధానికి ఆయుధానికి తేడా ఉండాలన్న యాభై ఏళ్ల నాటి కోరిక దీనితో చాలావరకు తీరింది. ఈ రెండు నియమాలూ కలిసినప్పుడు మాత్రం ఆరు సెకన్ల వంతులో ఒక ఆయుధంతో కొట్టి, దానిని దాచి, మరొకటి తీసి మళ్లీ కొట్టే యోధుడు తయారయ్యాడు. డాలు చేతికి తొడగడానికి మాత్రం ఒక పూర్తి చర్య కావాలి. ఒక్కొక్క నియమం విడిగా సబబైనదే. కలిపి చూస్తే కళ్ల ముందు నిలిచే బొమ్మ యోధునిది కాదు, గారడీవానిది.

క్రాస్‌బో పరిస్థితీ ఇలాంటిదే. రాట్నంతో తాడు బిగించవలసిన బరువైన వింటిని ఆరు సెకన్లకొకసారి ఎక్కుపెట్టడం ఏ మధ్యయుగ సైనికునికీ సాధ్యం కాదు. అయిదో కూర్పు ఒక చర్యకు ఒకే బాణం అన్న పరిమితి పెట్టి, తగిన నైపుణ్యం సంపాదించినవారికి ఆ పరిమితినీ తొలగించింది. సాహసకథలో నాయకుడు అరనిమిషం రాట్నం తిప్పుతూ కూర్చుంటే మిగిలిన నలుగురు ఆటగాళ్లకు విసుగు అన్నది దీని వెనుక ఉన్న న్యాయమైన కారణం. అయితే ఆ అరనిమిషమే క్రాస్‌బో స్వభావం. ఒక్క బాణం, ఆ తరువాత నిస్సహాయత. ఆ నిస్సహాయతను తీసేస్తే మిగిలేది మరో పేరుతో ఉన్న విల్లు.

ఎందుకు కత్తి దూయాలి?

నిర్ణయ వాస్తవికతకు బలమైన ఉదాహరణ జేక్ నార్వుడ్ రచించగా 2002లో వెలువడిన ‘ది రిడిల్ ఆఫ్ స్టీల్’. నార్వుడ్ చారిత్రక ఖడ్గవిద్యను అభ్యసించినవాడు. ఆ విద్య పునరుద్ధరణకు ఆధారం పాత చేతిరాత గ్రంథాలు. పద్నాలుగో శతాబ్దారంభం నాటిదిగా భావిస్తున్న, చిన్న డాలుతో కత్తి పట్టే విధం నేర్పే రాయల్ ఆర్మరీస్ చేతిప్రతి వాటిలో మిక్కిలి పాతది. ఇటలీకి చెందిన ఫియోరే దెయ్ లిబెరి గ్రంథం పదిహేనో శతాబ్దారంభానిది. కవచధారిని ఎదుర్కొనేటప్పుడు కత్తి అలుగును ఒక చేత్తో పట్టుకుని మొనను కవచపు సందులలోకి తోయడం ఇలాంటి గ్రంథాలు నేర్పిన మెలకువ. గ్రంథం నుంచి సాధనకు, సాధన నుంచి నియమానికి సాగిన ఈ ప్రయాణం పాఠపరిష్కరణకు దగ్గరి చుట్టం.

ఈ క్రీడలో పోరు మొదలయ్యే క్షణంలో ఇద్దరూ ఒకేసారి ఒక పాచికను బల్ల మీద వేయాలి. ఎరుపు దాడికి, తెలుపు రక్షణకు గుర్తు. ఇద్దరూ ఎరుపు వేస్తే ఇద్దరూ చావవచ్చు. చేతిలో ఉన్న పాచికల మొత్తాన్ని ఇప్పటి దెబ్బకు ఎంత, తరువాతి రక్షణకు ఎంత అని పంచుకోవాలి. గాయం తగిలితే ఆ మొత్తం కరిగిపోతుంది. ఒక మంచి దెబ్బతో కథానాయకుని కథ ముగిసిపోవచ్చు. దీనికి భిన్నంగా ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’లోని హిట్ పాయింట్లు శరీరబలాన్నే కాక అదృష్టాన్ని, నైపుణ్యాన్ని, దైవానుగ్రహాన్ని కూడా సూచిస్తాయని గైగాక్స్ 1979లోనే వివరించాడు. ఆ వివరణ సమర్థనీయమే. కానీ అరవైలో ఒక్కటే మిగిలిన యోధుడు అరవై ఉన్నవాడంత చురుకుగా కొడతాడు. ఆ పద్ధతిలో భయం చివరి అంకె దాకా రాదు. కాబట్టి కత్తి దూయడం ఆటగానికి మొదటి ఉపాయమవుతుంది.

‘ది రిడిల్ ఆఫ్ స్టీల్’లో అది చివరి ఉపాయం. ఇక్కడే ఆ గ్రంథంలోని రెండో విశేషం ముడిపడి ఉంది. ప్రతి పాత్రకూ అనురాగం, విశ్వాసం, ఆశయం, విధి వంటి ఆంతరిక గుణాలు ఉంటాయి. వాటి కోసం పోరాడేటప్పుడు అదనపు పాచికలు లభిస్తాయి. డబ్బు కోసం పోరాడేవాడు దుర్బలుడు, బిడ్డను కాపాడుకోవడానికి పోరాడేవాడు బలవంతుడు. భౌతికంగా చూస్తే ఇది అవాస్తవం. ప్రేమ వల్ల కత్తి పదును పెరగదు. కానీ ఖడ్గవిద్యను అంత నిష్ఠగా అనుసరించిన గ్రంథమే ఈ నియమాన్ని కేంద్రంగా చేసుకోవడం యాదృచ్ఛికం కాదు. ఆయుధం నిజంగా ప్రాణాంతకమైనప్పుడు ‘ఎలా కొట్టాలి’ కన్నా ‘ఎవరి కోసం’ అన్న ప్రశ్న ముందుకు వస్తుంది. పోరాటాన్ని ఆశ్రయించని పరిష్కారాలు కథలోకి వస్తాయి. బతిమాలడం, బేరమాడటం, తప్పుకుపోవడం వంటివన్నీ పాత్రకు తగిన చర్యలవుతాయి.

గ్రెగ్ స్టాఫర్డ్ 1985లో ప్రచురించిన ‘పెండ్రాగన్’ ఇదే గమ్యాన్ని మరో మార్గంలో చేరుకుంది. ఆర్థర్ రాజు కథలు దీనికి ఆధారం. 1485లో అచ్చయిన మాలొరీ గ్రంథం వాటిలో ముఖ్యమైనది. ఇందులో వీరుడు పెద్ద పొరపాటు చేస్తే అతని కత్తి చేజారుతుంది, అదే ఇతర ఆయుధమైతే విరిగిపోతుంది. లోహశాస్త్రం ప్రకారం దీనికి ఆధారం చూపడం కష్టం. కానీ ఆర్థర్ కథలలో ఖడ్గానికి ఉన్న గౌరవం ప్రకారం ఇది పూర్తిగా సరైనది. ఈ గ్రంథానికి లక్ష్యం రణరంగం కాదు, కావ్యం. ఇక్కడా ప్రేమ, పగ, స్వామిభక్తి వంటి ఉద్రేకాలు వీరుని నైపుణ్యాన్ని పెంచుతాయి, విఫలమైతే కుంగదీస్తాయి. చరిత్రకు కట్టుబడిన గ్రంథమూ, కావ్యానికి కట్టుబడిన గ్రంథమూ యోధుని అంతరంగం దగ్గర కలుసుకోవడం గమనార్హం.

రెండు ఆక్షేపాలు

డ్రాగన్లు ఎగిరే లోకంలో కత్తి బరువు గురించి వాదం దేనికన్నది మొదటి ఆక్షేపం. దీనికి సాహిత్యశాస్త్రం ఎప్పుడో సమాధానం చెప్పింది. రసభంగానికి అనౌచిత్యమే కారణమని తొమ్మిదో శతాబ్దంలో ఆనందవర్ధనుడు ప్రతిపాదించాడు. పదకొండో శతాబ్దంలో క్షేమేంద్రుడు ఔచిత్యాన్ని కావ్యానికి ప్రాణంగా నిలిపాడు. హనుమంతుడు సముద్రం దాటడం అనుచితం కాదు. అదే పని ఒక సామాన్య వానరుడు చేస్తే అనుచితం. టోల్కీన్ 1939 నాటి ప్రసంగంలో అద్భుతకథకు అంతర్గత సంగతత్వం అవసరమని చెప్పినదీ ఈ దారిలోనిదే. డ్రాగన్ మీద ఉన్న ఆశ్చర్యం నిలవాలంటే దాని ఎదుట నిలిచిన మనిషి చేతిలోని బల్లెం మనకు తెలిసిన బల్లెంలా ఉండాలి.

వాస్తవికత పెరిగితే ఆట నెమ్మదిస్తుందన్నది రెండవది. ఇది వస్తు వాస్తవికత విషయంలో నిజం, నిర్ణయ వాస్తవికత విషయంలో కాదు. సేజ్ లటోరా, ఆడమ్ కోబెల్ 2012లో వెలువరించిన ‘డంజన్ వరల్డ్’లో నష్టపరిమాణం ప్రధానంగా పాత్ర వృత్తిని బట్టి ఉంటుంది. ఆయుధానికి ‘చేతి దూరం’, ‘దగ్గర’, ‘అందుబాటు’ వంటి కొన్ని మాటలు మాత్రమే జతచేశారు. బల్లెం పట్టినవాని మీదికి బాకుతో వెళ్లేవాడు ముందు ఆ మొనను ఎలా దాటుకుంటాడో చెప్పాలి. లెక్క లేదు, పట్టిక లేదు. ఒక మాట నియమంగా నిలిచి, ఆటగాని నోటినుంచి మరో వాక్యాన్ని రాబట్టింది. వెర్నువా కోరిన మధ్యవర్తి తీర్పు భాషారూపంలో తిరిగి వచ్చింది. చైన్‌మెయిల్ పొడవును అంకెగా చెప్పగా, డంజన్ వరల్డ్ దానిని ఒక సమస్యగా చెప్పింది.

ఉపసంహారం

పై పరిశీలన వల్ల మూడు విషయాలు తేలుతున్నాయి. మొదటిది, ఆయుధ నియమాలన్నీ సంకేతాలే. వాటి వెనుక ఉన్న వాస్తవం కూడా యుద్ధ క్రీడ, బెత్తపు కర్రల పోరు, చేతిరాత గ్రంథం, కావ్యం వంటి ఏదో ఒక పూర్వపాఠం ద్వారానే అందింది. రెండవది, పేర్లు, బరువులు, గాయవర్ణనలు లోకాన్ని నమ్మదగినదిగా చేస్తాయి తప్ప పోరాటాన్ని నమ్మదగినదిగా చేయవు. మూడవది, నియమం నిజాయితీ ఎక్కువగా బయటపడేది దెబ్బ తగిలిన తరువాత కాదు, కత్తి ఒరలోంచి రావడానికి ముందు.

ఈ మూడో విషయం క్రీడకు మాత్రమే పరిమితం కాదు. నియమగ్రంథం చదివిన ప్రతి బృందమూ ఆయుధమంటే ఏమిటో ఒక అభిప్రాయాన్ని తెలియకుండానే స్వీకరిస్తుంది. చంపడం సులువు, చావడం అరుదు అని చెప్పే లక్షణం నుంచి ఒక రకం కథలు పుడతాయి. కత్తి దూసిన వానికి కూడా ఆ కత్తి వల్ల ప్రమాదమే అని చెప్పే లక్షణం నుంచి మరో రకం కథలు పుడతాయి. మొదటి రకానికి వినోదకథలో చోటు లేదని కాదు, అవి కూడా చదివించేవే. కానీ వీరం అన్న మాటకు అర్థం భయం ఉండి కూడా నిలబడటమే అయితే, భయాన్ని లెక్కలోకి తీసుకోని నియమంలో దెబ్బలు ఉంటాయి, విజయాలు ఉంటాయి, వీరం ఉండదు. ఆయుధ ప్రకరణాన్ని బేరీజు వేయడానికి పట్టికలో ఎన్ని ఆయుధాలున్నాయని లెక్కపెట్టడం కంటే, ఆ ప్రకరణం చదివిన ఆటగాడు ఒర మీద చెయ్యి వేసి ఎంతసేపు ఆగుతాడన్నది చూడటం మేలైన కొలమానం.